కేవీ అడిగేవాళ్ళకు ఒక దండం

"అన్నా, ఎంత కేవీ మోటర్ వేస్తే రేసులో ముందు పోతాది?" రిమోట్‌తో ఎగరేసే చిన్న విమానాల రేసు గురించి ఈ వారంలో ఇది నాలుగో మెసేజ్. రెక్క పొడవు చెప్పరు, బరువు చెప్పరు, బ్యాటరీ ఎన్ని సెల్లులో చెప్పరు. కేవీ మాత్రం కావాల. ఒక్కొక్కరికి విడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడే రాస్తున్నా.

కేవీ అంటే పవర్ కాదు సామీ. ప్రాప్ (గాలిని నెట్టే పంకా) లేకుండా ఉత్తగా తిప్పితే ఒక వోల్టుకు మోటర్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతాదో చెప్పే అంకె, అంతే. 2200 కేవీ మోటర్‌కు మూడు సెల్లుల లైపో (లిథియం పాలిమర్ బ్యాటరీ) నిండుగా ఛార్జ్ ఎక్కించి తగిలిస్తే 12.6 వోల్టులు, అంటే కాగితం మీద 27 వేల పైచిలుకు చుట్లు. ప్రాప్ బిగించి థ్రాటిల్ ఇచ్చినారంటే ఆ అంకె ఎగిరిపోతాది. ప్రాప్‌ను 10 శాతం ఎక్కువ వేగంగా తిప్పాలంటే 33 శాతం ఎక్కువ పవర్ పెట్టాల. అదంతా బ్యాటరీ నుంచి రావాల, మోటర్ వేగాన్ని అదుపు చేసే ఈఎస్‌సీ గుండా పోవాల. పొగ వచ్చేది అక్కడే.

పొగ గురించి మాట్లాడే అర్హత నాకు బాగా ఉంది. మొదటి విమానానికి 5 అంగుళాల ప్రాప్ తీసేసి 7 అంగుళాలది పెట్టినా, పెద్దదైతే బాగా లాగుతాది కదా అని. లాగింది. ఇంట్లో టేబుల్ మీదనే 40 ఆంప్స్ ఈఎస్‌సీ కాలిపోయింది. లోపలి నుంచి మా అమ్మ "ఇస్త్రీపెట్టె ఆపినావా లేదా?" అని అరిచింది. ఇట్లా రెండు ఈఎస్‌సీలు కాలేసరికి ఒక వాట్‌మీటర్ డబ్బులు పోయినాయి. బ్యాటరీకి, ఈఎస్‌సీకి మధ్యలో పెట్టే చిన్న డబ్బా అది. ఎన్ని ఆంప్స్ లాగుతా ఉంది, వోల్టేజ్ ఎంత పడిపోతా ఉందని మొహం మీదే చెప్తాది. ఆన్‌లైన్‌లో కొన్న నా బ్యాటరీ మీద 2200 ఎంఏహెచ్, 35సీ అని స్టిక్కర్. లెక్క ప్రకారం 2.2 ఆంప్-అవర్‌కు 35 రెట్లు, అంటే 77 ఆంప్స్ ఇవ్వాల. 38 ఆంప్స్‌కే 10 వోల్టులకు దిగిపోయింది. స్టిక్కర్‌దేముందిలే, ఎవరైనా అచ్చేస్తారు.

ఇంకొందరు విమానాన్ని స్ప్రింగ్ కాటాకు కట్టి, ఎన్ని గ్రాములు లాగుతా ఉందో చూసి మురిసిపోతారు. గాలిలో నిలబెట్టి వేలాడించేదానికైతే ఆ లెక్క సరే. రేసుకు కావాల్సింది పిచ్, అంటే ఒక చుట్టుకు ప్రాప్ ముందుకు పోవాల్సిన దూరం. 6 అంగుళాల పిచ్ ప్రాప్ నిమిషానికి 20 వేల చుట్లు తిరిగితే గంటకు సుమారు 183 కిలోమీటర్లు. గాలి అడ్డు పోను విమానానికి దక్కేది అంతకంటే తక్కువే. పిచ్ ఎక్కువున్న ప్రాప్ నేల మీద గాలిని సరిగ్గా పట్టదు, గరగరమంటాది, విసిరినప్పుడు కూడా నీరసంగా పోతాది. వేగం అందుకున్నాకే దాని పని మొదలు.

సరే, ఇదంతా తిన్నగా పోయేటప్పటి సంగతి. పోటీల్లో పైలాన్ రేస్ అంటే త్రిభుజం. దూరంగా 180 మీటర్ల అవతల ఒక స్తంభం, ఇవతల 40 మీటర్ల ఎడంతో రెండు. చుట్టు సుమారు 400 మీటర్లు, అట్లా పది చుట్లు, అన్నీ ఎడమవైపు మలుపులే. శనక్కాయ పీకేసిన చేనులో ఎరువుల సంచులు కట్టిన మూడు వెదురు బొంగులే మాకు స్తంభాలు. దూరపు బొంగును దాటి ప్రతిసారీ పది మీటర్లు ఎక్కువ పోయినామనుకో, పోను పది, రాను పది. పది చుట్లకు 200 మీటర్లు. అంటే అర చుట్టు! మీ పెద్ద కేవీ తెచ్చిన లాభమంతా ఆ బొంగు అవతల పారబోసినట్టే. ఆషాఢం గాలికైతే చెప్పనే అక్కర్లేదు. మా అనంతపురం పక్క రామగిరి గాలిమరలను తిప్పే గాలి మన 700 గ్రాముల ఫోమ్ ముక్కను వదులుతాదా?

మలుపు బాగా తిరగాలంటే రెక్క చక్కగా ఉండాల. నిక్రోమ్ తీగ వేడి చేసి ఫోమ్ కోసేటప్పుడు చెయ్యి కొంచెం ఆగినా చాలు, రెక్క మెలి తిరుగుతాది. రెక్కను అద్దం బల్ల మీద పెట్టి, వెనక అంచు ఎంత ఎత్తులో ఉందో రెండు కొసల దగ్గరా స్కేలుతో కొలవండి. రెండు మిల్లీమీటర్ల తేడా వచ్చిందంటే ఐలరాన్ (రెక్క వెనక కదిలే పలక) ఎప్పుడూ ఒక పక్కకు వంగే ఉండాల. అది బ్రేకు తొక్కుతా బండి నడిపినట్టు. ముక్కు బరువెక్కువైనా ఇంతే, ఎలివేటర్ (తోక దగ్గరి పలక) పైకి లాగే ఉంచాల. నేను బరువు కేంద్రాన్ని రెక్క వెడల్పులో పావు వంతు దగ్గర మొదలుపెట్టి, బ్యాటరీని అయిదు మిల్లీమీటర్లు జరుపుతా, ఎగరేస్తా, మళ్ళీ జరుపుతా. పొద్దున్నే ఉగ్గాని బజ్జీ తిని పోతే పదకొండుకు గాని తెమలదు.

ఎవరో చలిదేశం ఆయన వీడియోలో చెప్పిన అంకెలు కాపీ కొట్టి వచ్చేవాళ్ళు మరో రకం. అనంతపురం సముద్రమట్టానికి 335 మీటర్ల ఎత్తు. మే నెలలో 40 డిగ్రీల ఎండకు గాలి చిక్కదనం సముద్రమట్టం దగ్గరి ప్రామాణిక లెక్క కంటే ఇంచుమించు 12 శాతం తక్కువ. ప్రాప్‌కు పట్టు తగ్గుతాది, రెక్క నిలబడాలంటే ఇంకొంచెం వేగం కావాల. ఆయన అంకెలు ఆయన ఊరికే. దీనికితోడు మన ఎర్రమట్టి. చక్రాలు లేని విమానం పొట్ట మీద దిగుతాది, మోటర్ అయస్కాంతాలకు ఇసుకలోని నల్లటి ఇనుప రజను అతుక్కుంటాది. టూత్‌బ్రష్ వెంట తీసుకురండప్పా.

పోయిన ఆదివారం నన్ను ఓడించింది ఒక ఇంటర్ పిల్లోడు. వాడి మోటర్ కేవీ నాదానికంటే తక్కువ. విమానం మీద రంగు కూడా లేదు, టేపు చుట్టినాడు. బొంగు దగ్గర మాత్రం తాడుతో కట్టి తిప్పినట్టు తిరిగింది. రెక్క ఎట్లా కోసినావురా అని అడిగినా. నవ్వి ఊరుకున్నాడు, ఇంతవరకూ చెప్పలేదు.