రేకుల గదిలోని ధ్వజస్తంభానికి

కొర్లగుంట, తిరుపతి.
కార్తీక మాసం, వాన వెలిసిన మూడో గంట.

మహారాజశ్రీ ఇనుప పైపు గారికి,

మీరు అనాలా, నువ్వు అనాలా అని కాసేపు ఆలోచించాను. ముప్పై ఏళ్ళుగా ఇంట్లో ఉంటూ పైసా అద్దె ఇవ్వలేదు కాబట్టి నువ్వే అంటాను.

నిన్ను మా నాన్న మిద్దె మీద నిలబెట్టింది టీవీ యాంటెనా కోసం. మద్రాసు స్టేషన్ బొమ్మ పడాలంటే ఎత్తు కావాలని ఇరవై అడుగుల పైపు తెచ్చి, అడుగున సిమెంటు దిమ్మ పోయించాడు. తర్వాత అక్కడే రేకుల గది వేశాం. నిన్ను పీకడానికి ఎవరికీ మనసొప్పక, రేకుకు బెజ్జం కొట్టి నీ చుట్టూనే గది కట్టాం. కేబుల్ వచ్చింది, డిష్ వచ్చింది, ఇప్పుడు పిల్లలు అన్నీ ఫోన్లోనే చూస్తున్నారు. యాంటెనా ఎప్పుడో పాత సామాన్లవాడి బండెక్కింది. నువ్వు మాత్రం నోరు తెరుచుకుని ఆకాశం కేసి చూస్తూ నిలబడే ఉన్నావు.

మొదట్లో నీ పక్కన బెజ్జంలోంచి కారేది. నాన్న పాత సైకిల్ ట్యూబు కోసి నీ నడుముకు చుట్టి, తీగతో బిగించాడు. కొన్నేళ్ళు చుక్క పడలేదు. మే నెలలో మన ఎండలకు మనుషులే మాడిపోతారు, రబ్బరు ఎంత? పగిలింది. అప్పటికి ఇల్లు నా చేతికొచ్చింది. నాకు తెలివెక్కువ కదా, ట్యూబు పీకేసి సిమెంటు పూయించాను. గాలికి నువ్వు ఊగావు, అది బీటలిచ్చింది. తారు పోయించాను. తర్వాత ఏదో తెల్ల ముద్ద. ప్రతిసారీ మేస్త్రీ ఒకే మాట: "సార్, ఈసారి చుక్క పడితే నా పేరు మార్చుకుంటా." లెక్క ప్రకారం ఆయనకు ఇప్పటికి నాలుగు పేర్లుండాలి.

2021 నవంబరు గుర్తుందా? కొండ మెట్ల మీద నీళ్ళు జలపాతంలా దిగాయి, ఘాట్ రోడ్డు మూసేశారు, రాయలచెరువు కట్ట ఎక్కడ తెగుతుందోనని చుట్టుపక్కల ఊళ్ళు ఖాళీ చేయించారు. ఊరంతా స్వర్ణముఖి గురించి టెన్షన్ పడుతుంటే, మేం హాల్లో గంగాళం ఎక్కడ పెట్టాలా అని పడ్డాం. 2022లో చిత్తూరు నుంచి తిరుపతి జిల్లా వేరుపడింది. నువ్వు మాత్రం మా మిద్దె నుంచి వేరుపడలేదు.

నీ పద్ధతి కూడా ఊరికి తగ్గట్టే ఉంది. వాన పడేటప్పుడు చుక్క రాలదు. వెలిశాక మూడు గంటలకు, అందరం పడుకున్నాక, హాల్ సీలింగులోంచి టప్ అంటుంది. వైకుంఠం కాంప్లెక్సులో కంపార్ట్‌మెంట్లు దాటి వస్తున్నట్టు. పైపు ఒకచోట, చుక్క ఇంకోచోట. సోఫా నాలుగు సార్లు జరిపాం.

దీపావళికి తమ్ముడొచ్చాడు. చెన్నైలో తెరచాప పడవలు బాగుచేసే పని వాడిది. జిల్లా మారినప్పుడు కాగితాల మీద మనకు సముద్రతీరం వచ్చిందని విన్నాను. మా ఇంట్లో తెరచాప కొయ్య కూడా ఉందని వాడు చెబితేగానీ తెలియలేదు.

"అన్నా, ఇది అచ్చం మాస్ట్ రోగం," అన్నాడు. కొన్ని పడవల్లో మాస్ట్, అంటే తెరచాప కొయ్య, డెక్‌కున్న (పడవ పైకప్పుకున్న) బెజ్జంలోంచి దిగి పడవ అడుగున నిలబడుతుందట. గాలికి కదులుతుంది కాబట్టి గట్టిపడే మందు ఏది పూసినా పగలడం ఖాయం. అందుకే చుట్టూ ఆపులు దిగ్గొట్టి, పైన రబ్బరు తొడుగు క్లాంపులతో బిగించి, దానికి ఎండ తగలకుండా గుడ్డ కడతారు. ఆ తొడుగును మాస్ట్ బూట్ అంటారు. "నాన్న చుట్టింది అదే కదన్నా, నువ్వే పీకేశావు." ఈ మాట మా ఆవిడ ముందే అనాలా?

అంతటితో ఆగలేదు. మాస్ట్ లోపల బోలు. తాళ్ళు పోయే కంతల్లోంచి, పైకొస నుంచి వాన లోపలికే దిగుతుంది. ఆ నీళ్ళకు అడుగున దారి లేకపోతే ఎన్ని బూట్లు మార్చినా దండగ. ఇది చెబుతూ రేకు కింద నీ ఒంటి మీద అరచెయ్యి పెట్టి కిందిదాకా నిమిరాడు. పొడిగా ఉంది. స్పానర్‌తో కొట్టాడు. పైన ఖంగుమన్నావు. మోకాలి దగ్గరికొచ్చేసరికి దబ్బుమన్నావు, నిండుకుండలాగా. దిమ్మకు జానెడు పైన డ్రిల్లు పెట్టాడు. టీ రంగు నీళ్ళు చిమ్మి వాడి పంచె తడిపాయి. చెంబెడు! నేను నీ నడుము చుట్టూ వేలు తగలేస్తుంటే, నువ్వు నెత్తి మీంచి తాగి పాదాల కింద తుప్పు కంతల్లోంచి మా శ్లాబుకు పోస్తున్నావన్నమాట. నాలుగు పేర్ల మేస్త్రీకి గానీ, నాకు గానీ ఒక్కసారైనా తల పైకెత్తి చూడాలని తోచలేదు.

నీ నోటికి మూత కావాలన్నాడు. పండగ పూట కొట్లు లేవు. వంటింట్లోంచి ఒక స్టీలు గ్లాసు పట్టుకొచ్చాను. తమ్ముడు నిచ్చెనెక్కి నీ నెత్తిన బోర్లించి తీగ చుట్టాడు. కిందికి దిగాక చెప్పాడు, దాని మీద పేర్లు కొట్టి ఉన్నాయని. మా పెళ్ళికి మా ఆవిడ మేనత్త చదివించిన ఆరింటిలో ఒకటి.

ఈరోజు వాన దంచింది. హాలు పొడిగా ఉంది, గంగాళం అటకెక్కింది. నీతో నాకిక తగాదా లేదు, ఒక్క మనవి తప్ప. తీగ కాస్త వదులైనట్టుంది. ఇందాక గాలికి నెత్తి మీద టింగుమంది. మా ఆవిడ అన్నం వడ్డిస్తున్నదల్లా ఆగి, "ఏమండీ, గ్లాసు చప్పుడులా లేదూ?" అంది.

ఇట్లు,
నీ ఇంటి ఓనరు