శుక్రవారం సెలవు దొరకని సంఘస్తులు

శుక్రవారమే ఇక్కడ వారపు సెలవు కనుక కువైట్‌లోని తెలుగు క్రైస్తవ సంఘాలకు ప్రధాన ఆరాధన దినం శుక్రవారం. నగరంలోని నేషనల్ ఇవాంజెలికల్ చర్చి ఆవరణలో తెలుగు, తమిళం, మలయాళం, అరబ్బీ, ఇంకా ఎన్నో భాషల సంఘాలు అవే గదులను గంటలవారీగా పంచుకుంటాయి. ఇంత ఇరుకులోనూ మన భాషలో ఆరాధన ఆగకుండా సాగుతున్నందుకు దేవునికి స్తోత్రం చెప్పవలసిందే. అయితే సంఘ పెద్దలు కూర్చున్నప్పుడల్లా హాజరు పట్టీ తీసి, ఫలానావారు విశ్వాసంలో చల్లారిపోయారని తేల్చేసే అలవాటు మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. ఆ పట్టీలో ఖాళీలు ఎక్కువగా కనబడేది గోదావరి జిల్లాల నుంచి, కడప ప్రాంతం నుంచి ఇరవై నంబరు వీసా మీద ఇళ్లలో పనికి వచ్చిన స్త్రీల పేర్ల ఎదుట, వారి తరువాత ఇంటి డ్రైవర్ల పేర్ల ఎదుట. వారి విశ్వాసాన్ని కొలిచే ముందు వారి శుక్రవారం ఎలా గడుస్తుందో తెలుసుకోవాలి.

2015లో వచ్చిన 68వ నంబరు చట్టం ప్రకారం కువైట్‌లో ఇంటిపనివారికి వారానికి ఒక రోజు జీతంతో కూడిన సెలవు ఇవ్వాలి, రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదు. ఆ చట్టం ఎన్ని గడపల లోపలికి వెళ్లిందో ఇక్కడ ఉంటున్నవారికి వేరే చెప్పనక్కరలేదు. పైగా కువైటీ కుటుంబాలలో శుక్రవారం మధ్యాహ్నం కొడుకులూ కోడళ్లూ కూతుళ్లూ మనవలూ పెద్దవారి ఇంట్లో చేరి భోజనం చేయడం ఆనవాయితీ కనుక, మనం ఆరాధనకు బయలుదేరే రోజే ఆ వంటింట్లో మన సోదరికి వారం మొత్తంలో ఎక్కువ పని ఉండే రోజు అవుతోంది.

ఒక శుక్రవారం ఆరాధన ముగిసి కుర్చీలు సర్దుతున్న వేళ రాజోలు వైపు సోదరి ఒకరు వచ్చారు. బైబిలును సూపర్ మార్కెట్ సంచిలో చుట్టి తెచ్చుకున్నారు. ఆ ఇంటి డ్రైవరు సరుకులకు వెళ్తూ ఆమెను దింపి, ముప్పావు గంటలో వస్తానన్నాడట. ప్రభు భోజనం, అంటే ఆరాధనలో రొట్టెను, పాత్రను పంచుకునే సంస్కారం, అయిపోయిందని తెలిసి ఆమె ఏమీ అనలేదు. కానుక కవరు ఇచ్చి, ఊళ్లో పదో తరగతి పరీక్షలు రాస్తున్న కొడుకు కోసం ప్రార్థన చేయమని అడిగారు. అంతలో మాలో ఒకరు చనువుగానే, “ఏమ్మా, బొత్తిగా నల్లపూసవైపోయావు, దేవుణ్ణి మరచిపోయావా?” అన్నారు. అన్నవారి మనసులో చెడు లేదు. కాని అంత కష్టపడి వచ్చిన మనిషి అక్కడే సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చింది. ఆ తరువాత ఆమె చాలా నెలలు కనబడలేదు.

బైబిలులో కొరింథు సంఘానికి అపొస్తలుడైన పౌలు రాసిన మొదటి పత్రిక (ఉత్తరం)లోని పదకొండవ అధ్యాయం ప్రభు భోజనానికి ముందు మనం చదువుకునేదే. రొట్టెను గురించి, పాత్రను గురించి చెప్పిన మాటలను భక్తితో వింటాం. ఆ మాటలు రాయవలసిన అవసరం ఎందుకు వచ్చిందో అంత శ్రద్ధగా చూడం. ఆ సంఘంలో కొందరు ఎవరికోసమూ ఆగకుండా తిని తాగి తృప్తిపడుతుంటే, కొందరు ఆకలితోనే మిగిలిపోయేవారు. అలా మిగిలినవారు యజమానుల పని ముగించుకుని ఆలస్యంగా వచ్చే దాసులు, కూలీలు అయి ఉంటారని పలువురు వ్యాఖ్యాతలు అంటారు. పౌలు వారిని ఒక్క మాట కూడా అనలేదు. లేనివారిని సిగ్గుపరుస్తారా అని తక్కినవారినే గద్దించి, భోజనానికి కూడినప్పుడు ఒకరికొరకు ఒకరు కనిపెట్టుకొని ఉండమన్నాడు. మన సంఘాలకు ఇంతకంటే సూటిగా వర్తించే వాక్యం నాకు కనబడదు.

అందువల్ల మా పెద్దలను కొన్ని పనులు అడుగుతున్నాను. చివరి గంటలో చేరుకునేవారి కోసం పాస్టరుగారు ప్రభు భోజనపు బల్ల దగ్గర మరికొంతసేపు ఉండాలి. గది ఖాళీ చేయవలసి వస్తే సాయంత్రం ఇంకొక గంట గది కోసం యాజమాన్యాన్ని అడగాలి. రెండు వారాలు కనబడని సోదరికి మరొక సోదరే ఫోను చేయాలి, అదీ రాత్రి పది దాటాక, ఎందుకంటే చాలామందికి ఫోను చేతికి వచ్చేది అప్పుడే. ఆ ఫోనులో రాలేదేమని అడగకూడదు. జీతం అందుతోందా, ఒంట్లో బాగుందా, ఇంటి దగ్గర పిల్లలు ఎలా ఉన్నారు అని అడగాలి. ప్రసంగ సారాన్ని అయిదు నిమిషాల వాయిస్ మెసేజిగా పంపితే ఇస్త్రీ చేసుకుంటూ వింటారు.

కొత్తగా వచ్చేవారి విషయంలో ఇబ్బంది వేరు. వందనాలు చెప్పీ చెప్పగానే ఏ ఊరు, ఇంటిపేరేమిటి, అక్కడ ఏ సంఘానికి వెళ్లేవారు అని అడిగేస్తాం. ఊరు అడగడం తెలుగువారికి ఆప్యాయతే. కాని ఆ మూడు జవాబులూ కలిస్తే కులం తెలిసిపోతుందని అడిగేవారికీ తెలుసు, చెప్పేవారికీ తెలుసు. గుంటూరు వైపు లూథరన్ సంఘం ప్రధానంగా మాలలలో, ఒంగోలు వైపు బాప్తిస్టు సంఘం ప్రధానంగా మాదిగలలో పెరిగాయి; 1878 జులైలో గుండ్లకమ్మ నదిలో ఒక్క రోజే బాప్తిస్మం పొందిన 2,222 మందిలో అత్యధికులు మాదిగలే. ఆ విభజన సముద్రం దాటి ఇక్కడికీ వచ్చింది. దానికి తోడు, 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు కారణంగా క్రైస్తవులైన దళితులకు షెడ్యూల్డు కులాల హోదా ఉండదు కనుక, ఎన్నో కుటుంబాలు సర్టిఫికెట్లలో ఒక మతం, ఆదివారం ఒక మతంగా బతకవలసి వచ్చింది. అటువంటి ఇంటి నుంచి నర్సుగా వచ్చిన సోదరిని నలుగురిలో నిలబెట్టి ఇంటిపేరు అడిగితే ఆమె మరో వారం ఎందుకు వస్తుంది? ఎక్కడ ఉంటున్నారు, ఎలా వచ్చారు, తిరిగి వెళ్లడానికి బండి ఉందా అని అడిగితే పరిచయానికి చాలు.

ఈ పత్రిక చదివేవారిలో క్రైస్తవులు కానివారే ఎక్కువ. మీ ఇంటికి పనికి వచ్చే తెలుగు సోదరి శుక్రవారం చర్చికి వెళ్లాలంటే దయచేసి పని వేళ మార్చి పంపండి. కార్లు ఉన్న సంఘస్తులు అబ్బాసియా, ఫర్వానియా, మహబూలా నుంచి వచ్చేటప్పుడు వెనుక సీటు ఖాళీగా తీసుకురావద్దు. ఇక క్రిస్మస్ పాటల సాధనకు వరుసగా రానివారిని పాడనివ్వకూడదన్న నియమాన్ని ఈ సంవత్సరం ఎత్తివేయాలని పెద్దల ముందు ప్రతిపాదించబోతున్నాను; చిన్ననాటి నుంచి ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు నోటికి వచ్చిన ఆ సోదరీమణులకు మనం నేర్పవలసిన పాటలు ఎక్కువ లేవు.