‘తెలివైనవాడే, శ్రద్ధ లేదు’
ప్రోగ్రెస్ కార్డు అడుగున టీచరు ఏటా రాసే మాట ఇది. లెక్క వచ్చు, కానీ సగంలో వదిలేస్తాడు. హోంవర్క్ చేస్తాడు, నోటుపుస్తకం ఇంట్లో మరిచిపోతాడు. జూన్‌లో బడి తెరిచాక పోగొట్టుకున్న వాటర్ బాటిల్ ఇది మూడోది. ఇందుకు మన ఇళ్లలో వినిపించే కారణాలు తల్లి గారాబం, సెల్‌ఫోన్, చాక్లెట్లు. వైద్యమేమో నాలుగు తగిలించడం.

ఇలా శ్రద్ధ నిలవకపోవడం, కుదురు లేకపోవడం వెనుక ఏడీహెచ్‌డీ అనే మెదడు ఎదుగుదల సమస్య ఉండొచ్చు. దానిపై పరిశోధన ఈ కారణాలను ఎప్పుడో దాటేసింది. కవలలపై జరిగిన అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, ఈ లక్షణాల్లో మనిషికీ మనిషికీ ఉండే తేడాలో దాదాపు 74 శాతం వంశపారంపర్యమే. అలాగని దోషి ఒక్క జన్యువేమీ కాదు. 2023లో వెలువడిన ఒక భారీ జన్యు అధ్యయనం మన జన్యుపటంలో 27 చోట్ల దీని జాడలు పట్టుకుంది, ఒక్కోదాని ప్రభావం మాత్రం అణుమాత్రం. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్లో, సీసం ఒంట్లో చేరిన పిల్లల్లో ముప్పు ఎక్కువ. చక్కెర మీద మోపిన నేరం రుజువు కాలేదు. ‘వాళ్ల నాన్నా చిన్నప్పుడు ఇంతే’ అని నానమ్మ కొట్టిపారేస్తుంది చూడండి, డాక్టరు దగ్గరకు వెళ్లకుండా ఆపే ఆ మాటలోనే అసలు ఆధారం ఉంది!

మందుల మీద మనవాళ్లకున్న భయం వేరు: పిల్లాడు మత్తుకు అలవాటు పడతాడేమోనని. స్వీడన్‌లో ఏడీహెచ్‌డీ ఉన్న 1,48,581 మంది వివరాలను పరిశీలించి 2025లో ప్రచురించిన అధ్యయనం దీనికి భిన్నమైన చిత్రం చూపింది. మందు మొదలుపెట్టినవారిలో, పెట్టనివారికంటే మాదకద్రవ్యాల దుర్వినియోగం 15 శాతం, ఆత్మహత్యా ప్రవర్తన 17 శాతం, రవాణా ప్రమాదాలు 12 శాతం తక్కువ. అయితే ఇవి రికార్డుల ఆధారంగా కట్టిన లెక్కలు, ప్రయోగశాల తీర్పులు కావు. ఆకలి మందగించడం, నిద్ర పట్టకపోవడం వంటి ఇబ్బందులూ నిజమే. అమెరికాలో 579 మంది పిల్లలపై జరిగి 1999లో వెలువడిన ప్రసిద్ధ పరిశోధనలో, జాగ్రత్తగా మోతాదు సరిచూస్తూ ఇచ్చిన మందు 14 నెలల్లో ప్రవర్తనా శిక్షణ ఒక్కదానికంటే మెరుగ్గా పనిచేసింది. మూడేళ్లకల్లా ఆ తేడా కరిగిపోయింది. మందు వద్దే వద్దనేవారు మొదటి సగాన్ని, మాత్రతోనే పనైపోతుందనేవారు రెండో సగాన్ని చదవాలి.

వదిలేస్తే ఏమవుతుంది? బ్రిటన్‌లో ఏడీహెచ్‌డీ నిర్ధారణైన 30,029 మంది పెద్దల రికార్డులు చూసినవారు, వారి ఆయుర్దాయం పురుషుల్లో సుమారు 6.8 ఏళ్లు, స్త్రీలలో 8.6 ఏళ్లు తక్కువని 2025లో అంచనా కట్టారు. ఏడీహెచ్‌డీయే ప్రాణం తీస్తుందని కాదు. అందని సాయం, పొగతాగడం వంటివి కలిసి ఆయువును తగ్గిస్తుండవచ్చు.

తొందరపడి ముద్ర వేయడమూ తప్పే. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో తరగతిలో అందరికంటే చిన్నవాళ్లయిన డిసెంబరులో పుట్టిన పిల్లలకు, జనవరిలో పుట్టినవారికంటే ఏడీహెచ్‌డీ నిర్ధారణ అయ్యే అవకాశం అబ్బాయిల్లో 30, అమ్మాయిల్లో 70 శాతం ఎక్కువని 2012లో తేలింది. వయసు చాలని పిల్లాణ్ని ఎల్‌కేజీలో కూర్చోబెట్టి, కుదురు లేదని వాపోయే మనకూ ఇది తగిలే మాటే. మరోవైపు, కిటికీ పక్కన కూర్చుని ఎటో చూస్తుండే అమ్మాయి ఎవరి కంటా పడదు. అల్లరి చేయదుగా!

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పిల్లల్లో గుర్తించాల్సిన సమస్యల్లో ఏడీహెచ్‌డీని చేర్చింది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం పేర్కొన్న 21 వైకల్యాల్లో మాత్రం దాని పేరు లేదు. ఒక కాగితం గుర్తిస్తుంది, మరో కాగితం మరిచిపోతుంది. ఏడీహెచ్‌డీకి వాడే ముఖ్యమైన మందు మిథైల్‌ఫెనిడేట్ మత్తుమందుల చట్టం కిందకు వస్తుంది గనుక ఏ దుకాణంలో పడితే ఆ దుకాణంలో దొరకదు. చీటీ పట్టుకుని తల్లిదండ్రులు విశాఖకో హైదరాబాద్‌కో పరుగెత్తాలి.

బాల స్వాస్థ్య కార్యక్రమం కింద నడిచే జిల్లా సత్వర చికిత్సా కేంద్రాల్లో వారానికి ఒక్కరోజైనా పిల్లల మానసిక వైద్యుడు కూర్చునేలా, అక్కడే మందు ఇచ్చేలా చూడటం రెండు రాష్ట్ర ప్రభుత్వాలకూ తలకు మించిన పని కాదు. కేంద్రం దివ్యాంగుల చట్టాన్ని సవరించేదాకా ఆగనక్కర్లేదు కూడా. ప్రభుత్వ వైద్యుడు నిర్ధారించిన పిల్లలకు పరీక్షలో అదనపు సమయం, విడిగా కూర్చునే గది ఇవ్వడానికి ఒక్క జీవో చాలు. అది పదో తరగతి పరీక్ష ఫీజు గడువు ముగిసేలోపు రావాలి.