దాతల గోడు పట్టించుకునే నాథుడే లేడా?

బడి నడవాలంటే పిల్లలు ఉండి తీరాలనే మూఢనమ్మకం లోకంలో బాగా పాతుకుపోయింది. నిదానంగా ఆలోచిస్తే బడికి కావలసింది ఒక దాత, ఒక వీలునామా, ఒక ట్రస్టు బోర్డు, గోడకు బిగించడానికి ఒక శిలాఫలకం. అంతే. పిల్లలు వస్తే సంతోషం. రాకపోతే ఇంకా సంతోషం, గోడల మీద పెన్సిల్ గీతలుండవు. ఇది నేను కూర్చుని కల్పించిన సిద్ధాంతం కాదు. రెండు వందల ఏళ్లుగా ప్రపంచం నలుమూలలా బడులు కట్టిస్తూ వచ్చిన ఆర్మేనియన్ల చరిత్ర తిరగేస్తే ఎవరికైనా తట్టే సంగతే.

ఆర్మేనియా టర్కీ పక్కనున్న చిన్న దేశం, జనాభా సుమారు 30 లక్షలు. దేశం బయట ఉన్నవాళ్లు అంతకు రెట్టింపు ఉంటారని అంచనా. బీరుట్, ఇస్తాంబుల్, పారిస్, లాస్ ఏంజెలెస్... ఏ ఊళ్లో స్థిరపడినా ముందు చర్చి, వెంటనే బడి. నాలుగు రాళ్లు వెనకేసుకున్న ఆసామి కన్ను మూసేముందు ఓ బడికింత రాసిచ్చి పోవడం ఆనవాయితీ. పుణ్యానికి పుణ్యం, పేరుకు పేరు.

దాతలకు ఒకప్పుడు పిల్లల కొరత ఉండేది కాదు. 1915లో ఇప్పటి టర్కీని ఏలుతున్న ఒట్టోమన్ ప్రభుత్వం ఆర్మేనియన్లను ఊళ్లకు ఊళ్లే ఖాళీ చేయించి, ఊచకోత కోసి, మిగిలినవాళ్లను సిరియా ఎడారుల్లోకి తోలింది. దాంతో అనాథల సరఫరాకు లోటే లేకపోయింది. అమెరికాలో పుట్టిన నియర్ ఈస్ట్ రిలీఫ్ అనే సంస్థ ఒక్కటే లక్ష మందికి పైగా అనాథలను సాకింది. వాళ్లలో ఎక్కువమంది ఆర్మేనియన్లే. కంచంలో అన్నం వదిలేసే పిల్లలకు అమెరికా తల్లులు ఆకలితో మాడుతున్న ఆర్మేనియన్లను గుర్తుచేసేవారు. దయ చూపించడానికి ఇంత అనువైన కాలం మళ్లీ రాలేదని ఈ రంగంలోని పెద్దలు వాపోతే నేను ఆశ్చర్యపోను.

ఆ కాలపు బడే సైప్రస్ రాజధాని నికోసియాలోని మెల్కోనియన్ విద్యాసంస్థ. ఈజిప్టులో పొగాకు వ్యాపారం చేసిన క్రికోర్, గారబెద్ మెల్కోనియన్ అనే అన్నదమ్ములు ఆస్తి ధారపోస్తే 1926లో సైప్రస్‌లో తెరుచుకుంది. మొదటి విద్యార్థులు తల్లిదండ్రులను పోగొట్టుకున్న పిల్లలు. చనిపోయిన తమవాళ్ల జ్ఞాపకంగా వాళ్లు బడి ముందు మొక్కలు నాటారు. అవి పెరిగి చిన్నపాటి అడవి అయ్యాయి. దాతల సమాధి కూడా ఆవరణలోనే ఉంది. నిర్వహణ బాధ్యత 1906లో కైరోలో బోఘోస్ నుబార్ పాషా స్థాపించిన ఆర్మేనియన్ జనరల్ బెనెవొలెంట్ యూనియన్‌ది. దశాబ్దాల పాటు ఎన్నో దేశాల ఆర్మేనియన్ పిల్లలు ఆ హాస్టల్లో ఉండి చదువుకున్నారు.

ఈలోగా నికోసియా పెరిగింది. బడి ఉన్న జాగా మంచి గిరాకీ ఉన్న జాగా అయింది. 2004లో యూనియన్ బోర్డు లెక్కలన్నీ చూసుకుని బడి మూసేస్తామంది, 2005లో మూసేసింది. బడి అవసరం తీరిపోయిందని వాదన. పూర్వ విద్యార్థులు ఊరుకోలేదు. ఊరేగింపులు తీశారు, సంతకాలు సేకరించారు, వ్యవహారం కోర్టుకెక్కింది. సైప్రస్ ప్రభుత్వం ముందుకొచ్చి ఆ భవనాలను, ఆ చెట్లను రక్షిత జాబితాలో పెట్టింది. ఎవరి కష్టం వాళ్లది, నేను తీర్పు చెప్పేవాణ్ని కాదు. కానీ లెక్క చూడండి. దాతలున్నారు, సమాధిలోనే అనుకోండి. భవనాలున్నాయి, చెట్లున్నాయి, బోర్డు ఉంది, లాయర్లకు పనీ దొరికింది. పిల్లలు లేరన్న చిన్న లోటు తప్ప అది సర్వాంగ సుందరమైన విద్యాసంస్థ.

వెనిస్ కథ ఇంకా పాతది, పైగా మనకు దగ్గరది. కోరమాండల్ తీరంలో ఆర్మేనియన్లు వర్తకం చేసిన కాలం ఒకటుంది. మచిలీపట్నం రేవులో వాళ్లున్నారు, గోల్కొండ వజ్రాల బేరంలో వాళ్లున్నారు. హైదరాబాద్ ఉప్పుగూడలో ఇళ్ల మధ్య చిక్కుకుపోయిన 17వ శతాబ్దపు సమాధి రాళ్ల మీద వాళ్ల లిపి ఇప్పటికీ కనిపిస్తుంది. మద్రాసులో వాళ్లకు సొంత వీధే ఉంది. ప్రపంచంలో మొట్టమొదటి ఆర్మేనియన్ పత్రిక 1794లో అచ్చయింది ఆ మద్రాసులోనే. అక్కడి సంపన్నులు ఎడ్వర్డ్ రఫాయేల్, ఆయన అల్లుడు సామ్యూల్ మూరాద్ రాసిచ్చిన డబ్బుతో వెనిస్‌లో ఆర్మేనియన్ సన్యాసుల ఆధ్వర్యంలో 1836లో బడి వెలిసింది. మామా అల్లుళ్ల పేర్లు రెండూ కలిపి దానికి మూరాద్ రఫాయేల్ కాలేజీ అని పేరు. మన సముద్రం ఒడ్డున సంపాదించిన సొమ్ము ఇటలీలో ఒక రాజభవనంలో కూర్చుని పాఠాలు చెప్పింది. 1997లో ఆ పాఠాలు ఆగిపోయాయి. భవనానికేం, భేషుగ్గా ఉంది.

పిల్లలు కరువైతే బడి మూసెయ్యాలి, బుద్ధిమంతులు చేసే పని అది. కలకత్తా వాళ్లు మాత్రం మొండివాళ్లు. అక్కడి ఆర్మేనియన్ కాలేజీ 1821లో మొదలైంది. ఇప్పుడున్నది మీర్జా గాలిబ్ స్ట్రీట్‌లో. ఒకప్పుడు ఆ నగరంలో జూట్, నీలిమందు, ఇళ్ల స్థలాలు అన్నిట్లో ఆర్మేనియన్ల చెయ్యి ఉండేది. ఇప్పుడు అక్కడ మిగిలిన ఆర్మేనియన్లంతా కలిసి ఒక పెళ్లికి వస్తే రెండు బస్సులు సరిపోతాయి. మనుషులు తగ్గారు కానీ మూలధనం తగ్గలేదు. అక్కడే పుట్టి హాంకాంగ్ వెళ్లి కోట్లు గడించిన పాల్ చేటర్ తన ఆస్తిలో పెద్ద భాగం కలకత్తా ఆర్మేనియన్ చర్చికి వచ్చేలా రాసిపోయాడు. డబ్బుంది, బడుంది, పిల్లల్లేరు. ఏం చేశారో ఊహించగలరా? పిల్లలను దిగుమతి చేసుకున్నారు!

ఎగతాళి కాదు. ఆర్మేనియా నుంచి, ఇరాన్, ఇరాక్‌ల నుంచి పిల్లలు వచ్చి చదువుకున్నారు. ఫీజు లేదు, తిండికీ బసకీ పైసా పుచ్చుకోరు. మంచు పడే ఊళ్లో పుట్టిన పిల్లవాడు మే నెల ఉక్కపోతలో హాస్టల్ ఫ్యాను కింద చెమటలు తుడుచుకుంటూ ఇంగ్లీషు వ్యాకరణం వల్లె వేస్తాడు. సాయంత్రం మైదానంలో రగ్బీ ఆడతాడు, అందులో ఈ బడికి గట్టి పేరుంది. జనవరి 6న ఆర్మేనియన్ క్రిస్మస్ నాడు బడాబజార్ సందుల మధ్యనున్న 1724 నాటి చర్చిలో వరసగా నిలబడి పాడతాడు. వాళ్లే లేకపోతే ఆ వేళ చర్చిలో గొంతు కలిపేవాళ్లు ఎంతమంది? అంటే ఇక్కడ బడి పిల్లలను నిలబెడుతోందా, పిల్లలు బడిని, చర్చిని, కమిటీని కలిపి నిలబెడుతున్నారా? స్కాలర్‌షిప్పు ఎవరు ఎవరికిస్తున్నట్టు? ఇలాంటి ప్రశ్నలు దాతల మనసు నొప్పిస్తాయి కనక ఆపేస్తున్నా.

భవనం వదిలేసి నేరుగా విద్యార్థికే డబ్బిచ్చిన అమాయకులూ ఉన్నారు. బాకు చమురు కుబేరుడు అలెగ్జాండర్ మంతాషెవ్ సంగతి చూడండి. టర్కీలోని కుతాహ్యాలో ఒక ఆర్మేనియన్ అనాథ కుర్రాడు ఉండేవాడు. 1881లో గొంతు బాగుందని ఆర్మేనియన్ చర్చికి పెద్ద పీఠమైన ఎచ్మియాజిన్ మఠం బడికి తీసుకెళ్తే వాడికి ఆర్మేనియన్ మాటే రాదు, టర్కిష్ ఒక్కటే వచ్చు. అయినా వాడి పాట విని మతాధిపతి చేర్చుకున్నాడు. ఆ కుర్రాడే తర్వాత ఆర్మేనియన్ల పేరుమోసిన సంగీతకారుడు కొమితాస్. 1896లో బెర్లిన్ వెళ్లి సంగీతం చదువుకోవడానికి మంతాషెవ్ డబ్బిచ్చాడు. తిరిగొచ్చాక ఊరూరా తిరిగి వేల జానపద గీతాలు రాసుకున్నాడు, వాటిలో చాలావాటిని ఇవాళ మనం వినగలగడం అతని చలవే. సరే, మరి ఫలకం ఎక్కడ బిగించాలి? మన గుళ్లో ఫ్యాను ఇచ్చినవాడు రెక్క రెక్కకీ పేరు రాయించుకుంటాడు. పాటకు రెక్కలుంటాయంటారు గానీ పెయింటు నిలవదే!

అమెరికాలోని ఆర్మేనియన్ కుబేరుడు కిర్క్ కెర్కోరియన్ ఇంకా దారుణం. ఎనిమిదో తరగతితో చదువుకు నీళ్లొదిలి బాక్సింగ్ చేసి, విమానాలు నడిపి, లాస్ వెగాస్‌లో హోటళ్లు కట్టాడు. కూతుళ్ల పేర్లు కలిపి లిన్సీ ఫౌండేషన్ పెట్టి ఆర్మేనియాకు భారీగా ఇచ్చాడు. దేనికీ తన పేరు పెట్టవద్దన్నాడు. ఇలాంటివాళ్ల వల్లే మిగతా దాతలకు చెడ్డపేరు వస్తోంది.

నగోర్నో కరాబాఖ్ గురించి ఒక మాట చెప్పాలి, ఆర్మేనియన్లు ఉంటూ వచ్చిన ఆ ప్రాంతం కోసం ఆర్మేనియా, అజర్‌బైజాన్ ఏళ్ల తరబడి కొట్టుకున్నాయి. అమెరికాలో ఏటా థ్యాంక్స్‌గివింగ్ రోజున లాస్ ఏంజెలెస్ నుంచి టీవీలో విరాళాల కార్యక్రమం నడుస్తుంది. ఆ డబ్బుతో కరాబాఖ్‌లో రోడ్లు, బడులు కట్టారు. 2023 సెప్టెంబరులో అజర్‌బైజాన్ సైన్యం దాడి తర్వాత లక్ష మందికి పైగా ఆర్మేనియన్లు కొద్ది రోజుల్లోనే ఆ నేల ఖాళీ చేసి వచ్చేశారు. బడులు అక్కడే ఉండిపోయాయి, ఫలకాలూ అక్కడే ఉండిపోయాయి. పిల్లలు మాత్రం ఎక్కాలతో సహా కార్ల వెనకసీట్లో సరిహద్దు దాటారు. నా సిద్ధాంతానికి గట్టిగా దెబ్బ కొట్టిన ఉదాహరణ ఇదొక్కటే, అందుకే చివర్లో పెట్టాను.

ఇప్పుడు అసలు సమస్య. ప్రవాసుల ఇళ్లలో వినిపించే పశ్చిమ ఆర్మేనియన్ భాష అంతరించే ప్రమాదంలో ఉందని 2010లో యునెస్కో చెప్పింది. ఒక ఆర్మేనియన్ చమురు వ్యాపారి ఆస్తితో వెలిసిన లిస్బన్‌లోని గుల్బెంకియన్ ఫౌండేషన్ దాన్ని బతికించడానికి పుస్తకాలకు, టీచర్లకు, విద్యార్థులకు డబ్బు పెడుతోంది. అది చాలదన్నట్టు కొందరు టీచర్లు దాతల దగ్గర కొత్త పాట అందుకుంటున్నారట: చెక్కు ఇచ్చారు, సంతోషం, అలాగే మీ పిల్లలను కూడా ఓ నాలుగేళ్లు మా బడికి పంపండి అని. ఎంత సాహసం! భవనం అడిగారు, కట్టించాం. బస్సు అడిగారు, కొనిచ్చాం. వార్షికోత్సవానికి వచ్చి రెండు గంటలు కుర్చీలో కూర్చున్నాం కూడా. మా వాడికి మంచి కాన్వెంటులో సీటొచ్చింది, వచ్చే ఏడాది ఫ్రెంచి కూడా మొదలుపెడతారు. ఇప్పుడు వాణ్ని మాన్పించమంటే ఎలా?