డ్రమ్ములో కొలువైన దొరగారికి

మహారాజశ్రీ పాత పడవ మోటారు దొరగారికి, శ్రీకాకుళం నుంచి ఒక సైన్సు మాస్టారు రాయునది. ఉభయ కుశలోపరి అనే మొదలుపెట్టేవాణ్ణి గానీ నా కుడి భుజం కుశలంగా లేదు.

విశాఖలో ఓ తుక్కు కొట్లో విరిగిన ఫ్యాన్ల కింద తలకిందులుగా పడున్నప్పుడు మీ ధర కిలోల్లెక్కన ఉండేది. 18 కిలోలు తూగారు. నేనే నోరు జారి "అబ్బ, ఔట్‌బోర్డ్ మోటారు కదూ ఇది" అన్నాను. కొట్టతను కాటా ఆపేసి "యాంటిక్ సార్" అన్నాడు. ఆ ఒక్క మాటకి రేటు మూడింతలైంది.

పేరు పలక అరిగిపోయింది కాబట్టి మీది ఏ వంశమో తెలియదు. దొరలేనని మాత్రం మొదటి రోజే తెలిసింది, ఎందుకంటే మీ నట్లకి 12 స్పానరు పట్టదు, 13 పెడితే జారుతుంది, అంతా అంగుళాల లెక్క. ఉప్పునీళ్లకి అల్యూమినియంలో ఇనప మరలు ఎలా కరుచుకుపోతాయో పుస్తకంలో పిల్లలకి చెప్పడం వేరు, మీ దగ్గర మూడు మరల తలలు తెంపుకోవడం వేరు. కిరసనాయిలు పోసి రాత్రంతా నానబెట్టి, పొద్దున్నే చిన్నగా తట్టి, బతిమాలి, పైనున్న బరువు చక్రం, అదే ఫ్లైవీల్, ఊడేసరికి రెండు ఆదివారాలు పోయాయి. దాని కింద మ్యాగ్నెటో. బ్యాటరీ లేకుండా నిప్పురవ్వ పుట్టించే ఆ ఏర్పాటు చూసి, నిజం చెప్పొద్దూ, చేతులెత్తి దండం పెట్టాను. అందులో కలుస్తూ విడిపోతూ ఉండే పాయింట్లు గీకి, సందు అంగుళంలో వెయ్యోవంతులు 20 ఉండేలా సర్ది, రవ్వ వస్తోందా లేదా అని వైరు పట్టుకుని తాడు లాగాను. వస్తోంది. మోచేతి దాకా వచ్చింది.

ఆ తర్వాత పెట్రోలుని గాలితో కలిపే మీ కార్బురేటర్. లోపల తేలాల్సిన బెండు ముక్క పెట్రోలు తాగి మునిగిపోయింది. ఇప్పటి పెట్రోల్లో 20 శాతం ఇథనాల్, బెండు మీది పాతకాలం లక్కపూతని అది కరిగించేస్తుంది. కొత్త బెండు కోసం వైన్ షాపుకి వెళ్లాను (పేరుకే వైన్ షాపు, అన్నీ రేకు మూతల సీసాలే), అక్కడ మా పదో తరగతి కుర్రాడి తండ్రి కనబడి "నమస్కారం మాస్టారూ" అన్నాడు. చివరికి మా స్కూలు ల్యాబ్‌లో పాత ఫ్లాస్కు బిరడా దొరికింది, చెక్కి, ఫెవిక్విక్ పూసి పెట్టాను. తేలింది. నా పరువు తేలలేదు.

1909లో అమెరికాలోని మిల్వాకీలో ఓలే ఎవిన్‌రూడ్ అమ్మకానికి పెట్టిన మోటారు 28 కిలోలు, బలం ఒకటిన్నర హార్స్ పవర్. కాబోయే భార్య ఐస్‌క్రీం అడిగితే తెడ్డు వేసుకుంటూ తెచ్చేలోపు కరిగిపోయిందని, ఆ ఉక్రోషంతోనే ఆయనకి ఈ ఆలోచన వచ్చిందని చెబుతారు. ఈ కథ చెబితే మా ఆవిడ "ఆవిడకి కరిగిందైనా దక్కింది, నాకు నీళ్ల డ్రమ్ము కూడా లేకుండా పోయింది" అంది. మీరు నీళ్లలో తప్ప నడవకూడదు కదా, ఆ డ్రమ్మే మీ సింహాసనం.

అందులో మాత్రం తెల్లవారుజామున ఐదింటికి, ఎవరూ లేనప్పుడు, రెండో లాగుకే స్టార్ట్ అవుతారు. లీటరు పెట్రోలుకి 100 మిల్లీలీటర్ల ఆయిల్ కలిపి పోశానేమో, వీధంతా పొగ. పక్కింటాయన దోమల మందు బండి అనుకుని పిల్లల్ని లోపలికి పిలిచాడు. అదే ఆయన్ని పిలిచి చూపిద్దామంటే, మీరు మౌనవ్రతం.

సరే, కళింగపట్నం తీసుకెళ్లాను. వేట నిషేధం రోజులు, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, అక్కడో జాలరి తాత వల బాగుచేసుకుంటూ ఖాళీగా ఉన్నాడు. ఆయన చిన్న పడవ వెనక చెక్కకి మిమ్మల్ని బిగించాం. వంశధారలో అందరూ చూస్తుండగా స్టార్ట్ అయ్యారు. నేను ఫొటో కోసం ఛాతీ కూడా విరిచాను. ఓ 200 గజాలు వెళ్లాక దగ్గి, ఆగిపోయారు. తాడు చుట్టి లాగడం, చుట్టి లాగడం, 31 సార్లు లెక్కపెట్టాను, ఒకసారి తాడు కొస వెనక్కి ఎగిరి తాత చెవికి తగిలింది. ఆయన ఏమీ అనకుండా ట్యాంకు మూత మీదున్న చిన్న మరని బొటనవేలితో తిప్పాడు.

"ఏటి మాస్టారూ, గాలి మర ఇప్పనేదేటి? ఊపిరాడక సచ్చిపోనాదది."

సైన్సు మాస్టారిని. గాలి లోపలికి రాకపోతే ద్రవం కిందికి దిగదని ఇరవై ఏళ్లుగా పాఠం చెబుతున్నాను. ఆ మాట మీరు తాతకి చెప్పకండి.

మళ్లీ వచ్చే ఆదివారం కళింగపట్నం వెళ్దాం. ఈలోగా మీరు డ్రమ్ములోంచి దిగి వరండాలోకి మారాలి. ఎండలు ముదిరాయి, కుళాయి రోజు విడిచి రోజు వస్తోంది, మా ఆవిడ సర్ఫు పట్టుకుని నిలబడింది.