8000 ప్లాట్ల వెంచరు, ఒక్కదానికీ పట్టా లేదు

కంప్యూటర్ మెమరీల రెండు ప్రోగ్రాములు ఒకదాన్నొకటి ఖతం చేసుకునే కోర్ వార్ అనే ఆటను కెనడాల ప్రొఫెసర్ డ్యూడ్నీ, ఆయన స్టూడెంట్ జోన్స్ కలిసి తయారు చేసిన్రని, 1984 మే నెల సైంటిఫిక్ అమెరికన్ పత్రికల వచ్చినంకనే లోకానికి తెలిసిందని కంప్యూటరోళ్లు రాసుకున్నరు. అంతకుముందు 1961ల బెల్ ల్యాబ్స్‌ల డార్విన్ అని ఇసొంటిదే ఇంకోటి ఉండె. రాసుకోనీయండి. కానీ హన్మకొండ చుట్టుపక్కల ప్లాటు కొన్న ఎవరికన్న ఈ ఆట రూల్స్ చదివి వినిపిస్తే “ఇది మనదే కదా” అంటరు. ఆ అన్యాయాన్ని సరిచేద్దామనే రాస్తున్న, వేరే దురుద్దేశం ఏం లేదు.

మెమరీల మామూలుగ 8000 గదులు. గుండ్రంగ ఉంటది, చివరి గది దాటితే మళ్ల మొదటి గదే. రెడ్‌కోడ్ అనే భాషల రాసిన రెండు ప్రోగ్రాములను అందుల యాడనో ఒక కాడ దింపుతరు, ఎదుటోడు ఎక్కడున్నడో దేనికీ తెల్వది. మన విండోస్, లైనక్స్ అయితే ఒక ప్రోగ్రాము ఇంకోదాని జాగల కాలు పెట్టంగనే ఆపేస్తయి, ఇక్కడ ఆ కాపలా కావాలనే తీసేసిన్రు. ఎవడు ఆఖర్ల రాస్తే గది వానిది. పాత రాత ఏమాయెనని అడిగేటోడు లేడు, లింకు డాక్యుమెంట్లు లేవు, ఈసీ లేదు. అడ్రసులు కూడ నంబర్లతోని కాదు, ‘నా కాడికెల్లి మూడు గదులు అవతల’ అని చెప్పుకుంటయి, వడ్డేపల్లిల ఇల్లు అడిగినోనికి మనం చెప్పినట్టే.

ఈ ప్రోగ్రాములల్ల అన్నిట్ల చిన్నది ఇంప్. ఒక్కటే లైను, మూవ్ 0, 1. అంటే నన్ను పక్క గదిల కాపీ చేసుకుంట అని. వంతు రాంగనే పక్కకు జరుగుతది, మళ్ల వంతు రాంగనే ఇంకింత పక్కకు, రాత్రిపూట కడీలు జరిపే పక్క ప్లాటాయన లెక్క. తమాషా ఏందంటే ఇది ఎవ్వర్నీ చంపదు, ఇంప్ రాసిన గదిల కాలు పెట్టిన ఎదుటి ప్రోగ్రాము కూడ ఇంపే అయిపోతది, ఇద్దరు ఒకరెనుక ఒకరు గుండ్రంగ తిరుగుకుంటనే ఉంటరు, 80000 రౌండ్లు అయినంక ఆట బందు వెట్టి టై అంటరు. ఈ రూలు పెట్టినోడు ఎన్నడూ సివిల్ కోర్టు మెట్లెక్కినోడు కాదు.

డ్వార్ఫ్ వేరే రకం. నాలుగు లైన్లు, ఒక్క కాడనే కూసుంటది, నాలుగు గదులకొకటి డ్యాట్ అనే బాంబు ఏసుకుంట పోతది. దానిమీద అడుగు పెట్టిన ప్రాసెస్, అంటే నడుస్తున్న ప్రోగ్రాము పాయ, ఖతం. 8000 నాలుగుతోని సరిగ్గ పోతది కాబట్టి చుట్టు తిరిగొచ్చినా తన నడిచే లైన్ల మీద బాంబు పడదు. ఖాళీ జాగ కనిపిస్తే చాలు ‘ఈ స్థలం కోర్టు వివాదంలో ఉన్నది’ అని బోర్డు పాతే పెద్దమనుషులకు ఇంత లెక్క ఎక్కడిది, ఒక్కోసారి సొంత ప్లాటులనే పాతి వస్తరు.

నాకు మస్తు నచ్చింది ఎస్‌పీఎల్ అనే కమాండు. ఒక ప్రాసెస్ రెండైతది, రెండు నాలుగైతయి, కానీ వంతు మాత్రం టీమంతటికి ఒక్కటే, దాన్నే అందరు పంచుకోవాలె. మంది పెరిగినకొద్దీ ఒక్కొక్కడు నెమ్మదైతడు, గాని ఆఖరోడు చచ్చేదాక ప్రోగ్రాము ఓడదు. తాత పేరు మీద రెండెకరాలు ఉండి కింద వారసులు 18 మంది ఉంటే ఆ జాగ కొన్నోనికి ఎందుకు నిద్రపట్టదో ఇంతకంటే సైంటిఫిక్‌గ ఎవ్వడూ చెప్పలే.

వాంపైర్లు కూడ ఉన్నయి. ఎదుటోని దారిల జంప్ కమాండ్లు జల్లుతయి, వాడు అడుగేస్తే సీదా వీని గుంతల పడి వీని పనే చేసుకుంట ఉంటడు. దీనిమీద ఎక్కువ రాయను, నా చుట్టాలల్ల బ్రోకర్లున్నరు.

కాపీలు పెంచుకునేది బాంబులేసేదాన్ని గెలుస్తది, బాంబులేసేది ఎదుటోడు ఎక్కడున్నడో వెతికేదాన్ని, వెతికేది కాపీలదాన్ని. ఇదొక్కటే మన దగ్గర నడువది, మూడు పనులూ ఒక్కడే చేస్తడు.

వీళ్లందర్ని ఆడించే సిమ్యులేటర్ పేరు మార్స్. వరుసగ ఒక్కొక్కనికి వంతు ఇస్తది, ఎవని జాగల ఎవడు రాస్తున్నడో కండ్లార చూస్తది, ఒక్క మాట అనదు. ట్రాన్స్‌ఫర్ భయం ఉన్నదేమో.

అందుకే కాజీపేట దగ్గర ఎన్ఐటీ పిల్లలకూ మన వెంచర్ల పెద్దమనుషులకూ వెంటనే పోటీ పెట్టాలని డిమాండ్ చేస్తున్న. పెద్దమనుషులు నోటితోని చెప్తే ఎవడన్న టైప్ చేస్తడు, అది సమస్య కాదు. ఒక్క ఇబ్బంది ఉన్నది. రెడ్‌కోడ్ 1988 స్టాండర్డ్‌ల లేని గుణకారం, భాగహారం 1994 డ్రాఫ్టుల కలిపిన్రు గాని సెటిల్‌మెంట్ అనే కమాండు మాత్రం రెండిట్లనూ లేదు, అది లేకుంటె మనోళ్లు మొదటి రౌండుకు కూడ కూసోరు.