అడవికి ఫ్లెక్సీ కట్టినం, ఇంక ఫికర్ లేదు

మొన్న నల్లమలల మన్ననూర్ దాటినంక ఒక చెంచు పెంటల (పెంట అంటే నవ్వకుండ్రి, వాళ్ల గూడేన్ని అట్లనే అంటరు) అడవిని ఎట్ల కాపాడుకోవాల్నో అవగాహన సదస్సు పెడితే నేను గూడ పోయిన. చాలా అవసరమైన ప్రోగ్రాం. అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ 2,611 చదరపు కిలోమీటర్లు, గంత అడవిల పుట్టి పెరిగినోళ్లకు అడవి గురించి చెప్పేటోడు లేక ఇన్నేండ్లు ఆగమైండ్రు పాపం.

ఆరు కార్లు వచ్చినయ్. ఫ్లెక్సీ కట్టనీకి రెండు చెట్లకు మేకులు కొట్టిండ్రు, దాని మీద "చెట్టుకు ప్రాణం ఉంది" అని పెద్దక్షరాలు. సారు గంటసేపు సుస్థిర జీవనోపాధి, సుస్థిర జీవనోపాధి అంటుంటే ముందు కూసున్న తాత పక్కోన్ని అడిగిండు, "ఎవరికి సుస్తీ చేసిందట?"

తర్వాత తేనె పాఠం. పట్టు మొత్తం కొయ్యొద్దు, ఈగలకు గూడ ఉంచాలె అని స్లైడ్ ఏసిండు. తాత లేచి "ఈగ పిల్లలున్న దిక్కు ముట్టం సారూ, తేనె ఉన్న భాగమే కోస్తం, మళ్ల అక్కడ్నే కట్టుకుంటయ్" అన్నడు. సారు మురిసిపోయి, ట్రైనింగ్ ఫలితం అప్పుడే కనవడ్తుందని రిపోర్టుల రాసుకున్నడు. తేనె పాఠం మొదలై పది నిమిషాలైతుంది.

2006 అటవీ హక్కుల చట్టం గురించి మాత్రం ఎవ్వరూ మాట్లాడలే. మాట్లాడకుంటేనే మంచిది లెండి. తేనె, తునికాకు, వెదురు మీద హక్కు అడవిల ఉండేటోళ్లదే, ఊరి అడవిని కాపాడుకునే హక్కు గ్రామసభదే అని అండ్ల ఉంది, అది చదివితే ఇగ సదస్సులకు ఎవరొస్తరు? వన సంరక్షణ సమితులంటిరి, కొన్ని ఊర్లల్ల సమితి లేకున్నా బోర్డు మాత్రం పదిలంగ ఉంది.

ఇంకో దారుణం జెప్పాలె. 2019ల నల్లమలల యురేనియం కోసం బోర్లేస్తమంటే ఈ జనమే రోడ్డెక్కిండ్రు, ఆఖరికి అసెంబ్లీల గూడ వద్దని తీర్మానం అయింది. ఒక్కనికీ సర్టిఫికెట్ లేదు, టీఏ డీఏ లేదు, కనీసం బిస్కెట్ ప్యాకెట్ గూడ లేదు. పర్మిషన్ లేకుండ అడవిని కాపాడుడు ఏం పద్ధతి?

సదస్సు అయినంక ఒక సారు తేనె సీసా పట్టుకొని ఒరిజినలేనా, బెల్లం పాకమా అని బేరం పెట్టిండు. తాత చూపు ఫ్లెక్సీ మీదనే ఉంది. "గది ఇస్తరా సారూ, గుడిసె కురుస్తుంది" అన్నడు.

"కుదరదు పెద్దాయనా, రేపు ఇంకో పెంటల మీటింగ్ ఉంది. తారీఖు కాడ స్టిక్కర్ అంటిస్తే సరిపోతది."